నేటాల్‌లో మా ఆఖరి రోజు

ఏ ప్రయాణానికైనా ఆఖరి రోజున జరిగే తంతు ఒక్కటే. పెట్టెల మూతలు పడవు. వెళ్ళేటప్పుడు తీసుకుపోయిన కందిపొడీ, గోంగూర పచ్చడీ అడుగంటిపోయినా, వచ్చేటప్పుడు పెట్టె బరువు ఎందుకు పెరుగుతుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. 2025 జులైలో దక్షిణాఫ్రికాలో మా తొమ్మండుగురి అవస్థా అదే అయింది. తెల్లవారుజామున అయిదింటికి చలికి వణుకుతూ, ఒకరి పెట్టె మీద మరొకరు కూర్చుని జిప్పులు లాగుతున్నాం.

జులైలో చలేమిటా అని ఆశ్చర్యపోకండి. భూమధ్యరేఖకు అవతల జులై చలికాలం. పైగా అది చెరకు నరికే కాలం. రాత్రి ఎక్కడో తోట తగలబెట్టారు కాబోలు, కిటికీ తెరిస్తే కాలిన బెల్లం వంటి వాసన వచ్చింది.

మాది మిషన్ బృందం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బాప్టిస్టు సంఘాల నుంచి బయలుదేరాం. ఒక పాస్టరుగారు, ఒక నర్సమ్మ, పాటలు పాడే కుర్రవాళ్ళు నలుగురు, పిల్లలకు కథలు చెప్పే అక్కచెల్లెళ్ళిద్దరు, నేను. నేను బోధకుణ్ణి కాను. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు పండితుడిగా పని చేసి రిటైరైనవాణ్ణి. “మా పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు దిద్దించగలవారు ఒకరుంటే పంపండి” అని అక్కడివారు రాశారట. ఆ విధంగా, అరవై ఎనిమిదో ఏట, మొట్టమొదటిసారి విమానం ఎక్కాను.

దక్షిణాఫ్రికాలో తెలుగు అక్షరాలతో పనేమిటి అంటారా? ఆ కథ కొంచెం చెప్పాలి.

ఇప్పుడు క్వాజులూ-నేటాల్ అంటున్న రాష్ట్రంలో కొంతభాగం ఒకప్పుడు నేటాల్ అనే బ్రిటిష్ వలస. అక్కడి చెరకుతోటల దొరలకు కూలీలు కావలసి వచ్చారు. 1860 అక్టోబరు 12న మద్రాసు రేవు విడిచిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకూ మన దేశం నుంచి 1,52,184 మందిని ఒప్పందపు కూలీలుగా తీసుకుపోయారు. వారిలో మూడింట రెండువంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. అంటే ముఖ్యంగా తమిళులూ, మనవారూ. ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదో ఏటికి పద్నాలుగు. ఆడవారికి అందులో సగం. పదేళ్ళు అక్కడే ఉంటే తిరిగి రావడానికి ఓడ ఖర్చు లేదు.

అలా పోయినవారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల క్రైస్తవులూ కొందరున్నారు. తమ భాషలో వాక్యం చెప్పే మనిషిని పంపమని వారు స్వదేశానికి కబురు పెట్టుకున్నారు. నెల్లూరులోని తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సంఘం 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆ ఏడాది చివరిలోనే కియర్స్నీ అనే టీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. మిషనరీ అనగానే మనకు టోపీ పెట్టుకున్న దొర గుర్తుకు వస్తాడు. కాని నూటఇరవై ఏళ్ళ నాడే తెలుగువారు తెలుగువాణ్ణి సముద్రం దాటించి పంపించారు. రంగయ్యగారు 1915లో ఆ దేశంలోనే కన్నుమూశారు.

ఆయన అడుగుజాడలు చూడాలనీ, ఆ సంఘాలవారికి ఏదైనా సాయపడాలనీ మేము వెళ్ళాం. పది రోజులు ఉన్నాం. పిల్లల తరగతులు జరిగే గదికి సున్నాలు వేశాం, పాటల కూటాలు పెట్టాం, ఇళ్ళకు వెళ్ళి ప్రార్థనలు చేశాం. రోజూ సాయంత్రం అయిదింటికి నేను బల్ల ముందు నిలబడి అ, ఆలు దిద్దించేవాణ్ణి. పిల్లలు ఇరవైమంది దాకా వచ్చేవారు. ఇంటిపేర్లు చూస్తే నాయుడు, రెడ్డి. నోరు తెరిస్తే ఇంగ్లీషు. ఒక గడుగ్గాయి లేచి, “ఇంగ్లీషుకు ఇరవై ఆరు చాలినప్పుడు మీకు ఇన్ని అక్షరాలెందుకు?” అని అడిగాడు. “ఇందులో ఏవి తీసేసినా మీ తాతగారి పేరు సరిగా పలకదు నాయనా, అందుకు!” అన్నాను. వాడు మర్నాడు తాత పేరు కాగితం మీద రాయించుకుపోయాడు.

ఆ తరగతికి పిల్లలతోపాటు ఒక ముసలామె కూడా వచ్చేది. చివరి బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చునేది. తెల్లటి జుట్టు, ఉన్ని కోటు, ఒళ్ళో గుడ్డసంచి. పలక పట్టేది కాదు. తరగతి అయిపోయాక నా దగ్గరకు వచ్చి నిలబడేది. మొదటి రోజే, ముక్కలు ముక్కలుగా, కాని అచ్చంగా మా నెల్లూరు యాసలో, “అయ్యోరా, మా ఇంటికి వస్తారా? ఒక బుక్కు ఉండాది. చదవాల” అన్నది. నా ఒళ్ళు పులకరించింది. తప్పకుండా వస్తానన్నాను.

ఏమాటకామాట చెప్పాలి. రెండుసార్లు మాట ఇచ్చి రెండుసార్లు తప్పాను. మొదటిసారి డర్బన్‌లో కూటం ఉందన్నారు. రెండోసారి ఏ కూటమూ లేదు. భోంచేసి నడుం వాల్చి నిద్రపోయాను. లేచేసరికి చీకటి పడింది. ఆమె మటుకు ఒక్క మాట అనలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం వచ్చి, “రేపు పోతుండారంట గదా అయ్యోరా” అని మాత్రం అన్నది. సంచి ఒళ్ళోనే ఉంది.

ఆఖరి రోజు కార్యక్రమం ముందే నిశ్చయమైపోయింది. పొద్దున్నే వ్యానులో డర్బన్ వెళ్ళడం, విక్టోరియా వీధి బజారులో సామాను కొనుక్కోవడం, హిందూమహాసముద్రంలో కాళ్ళు తడుపుకోవడం, సాయంత్రం విమానాశ్రయం. మేము బస చేసిన క్వాడుకూజా పట్నం డర్బన్‌కు సుమారు డెబ్బయి అయిదు కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. పూర్వం స్టాంగర్ అనేవారు. జులూ రాజు షాకా రాజధాని అదే. 1828లో ఆయన హత్య జరిగిందీ అక్కడే. విమానాశ్రయం డర్బన్‌కూ ఈ ఊరికీ మధ్య సముద్రతీరాన ఉంది.

మా ఇంటావిడ ఇచ్చిన జాబితా నా జేబులోనే ఉంది. మనవరాలికి పూసల దండ, కోడలికి ఇంకేదో. ఆ కాగితమూ, డబ్బూ నర్సమ్మ చేతిలో పెట్టి, “నేను బజారుకు రాను. సాయంత్రం విమానాశ్రయం దగ్గర కలుస్తాను” అన్నాను. పాస్టరుగారికి ఇష్టం లేకపోయింది. “మాస్టారూ, పరాయి దేశం. అందరం ఒకచోట ఉండాలి. విమానం తప్పితే ఎవరు బాధ్యులు?” అన్నారు. ఆయన చెప్పిందీ సబబే. తొమ్మండుగురినీ తీసుకెళ్ళి తొమ్మండుగురినీ తిరిగి అప్పగించవలసినవాడు ఆయన. అయినా నా ముఖం చూసి ఏమనుకున్నారో, “అయిదున్నర. ఒక్క నిమిషం దాటకూడదు” అని వదిలిపెట్టారు.

ముసలామె మనవడు తన బండి వేసుకువచ్చాడు. వెనక సామాను వేసుకునే తొట్టి, ముందర ఇద్దరు కూర్చునే చోటు. దాన్ని వాళ్ళు ‘బక్కీ’ అంటారు. నలభై అయిదేళ్ళుంటాయి అతనికి. పంచదార మిల్లులో ఉద్యోగం. తెలుగు రాదు. “మా నానమ్మ పది రోజులుగా అన్నం సరిగా తినడం లేదండీ, మీరు వస్తారో రారోనని” అన్నాడు ఇంగ్లీషులో. నేను కిటికీలోంచి బయటకు చూడటం మొదలుపెట్టాను.

దారి పొడుగునా చెరకు. మిట్టలు, పల్లాలు, మళ్ళీ మిట్టలు. ఎటు చూసినా చెరకే. నరికేముందు ఆకు పోవడానికి నిప్పు పెడతారు. ఆ మసి గాలిలో లేచి నల్లని రేకులుగా ఆరేసిన బట్టల మీదా, వాకిళ్ళలోనూ రాలుతుంది. కియర్స్నీ దగ్గర బండి ఆపాడు. “టీ తోట ఏదీ?” అన్నాను. నవ్వి, చెరకువైపు చెయ్యి చూపించాడు. హులెట్ అనే దొర వేయించిన ఆ తోటల్లో ఆకు కోసేవాళ్ళంతా మనవాళ్ళే. 1911లో కూలీల ఓడలు ఆగిపోయాక టీ గిట్టుబాటు కాలేదు. మొక్కలు పీకేసి చెరకు వేశారు. రంగయ్యగారు నడిచిన దారులన్నీ ఇప్పుడు చెరకు కింద ఉన్నాయి.

ముసలామె ఇల్లు మిట్ట మీద ఉంది. రేకుల కప్పు, గచ్చు వాకిలి, పెరట్లో కరివేపచెట్టు, చేమ మడి. వాకిట్లో పక్కింటి జులూ ఆవిడ కూర్చుని ఉంది. నన్ను చూసి “సావుబోనా” అన్నది. నిన్ను చూస్తున్నాం అని ఆ మాటకు అర్థమట. నమస్కారానికి బదులు అంటారు. ఇద్దరు ముసలమ్మలూ జులూలో గలగలా మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఎంత ధారాళంగా వచ్చాయో చూసి, తెలుగు కోసం ఆమె ఎంత తడుముకుంటున్నదో నాకు అప్పుడు తెలిసింది.

ముందు భోజనం పెట్టింది. బీన్సు గింజల కూర, చేమదుంపల పులుసు, అన్నం. పులుసులో చింతపండు మనవైపే అన్నట్టుగా ఉంది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని తన పేరు కథ చెప్పింది.

ఇంట్లో ఆమెను అందరూ అమ్మణ్ణి అంటారు. మా సీమలో ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట అది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. ఈమె 1939 మొదట్లో పుట్టింది. ఈమె నాయనమ్మ, అంటే ఇండియా నుంచి ఓడలో వచ్చిన మనిషి, అంతకు కొద్ది నెలల ముందు 1938లో పోయింది. పోయేముందు రెండు రోజులు స్పృహ తెలియకుండా “అమ్మణ్ణీ, అమ్మణ్ణీ” అని పిలిచిందట. కోడలు అప్పటికి కడుపుతో ఉంది. పుట్టబోయే పిల్లను పిలుస్తున్నదని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. అదే పేరు పెట్టారు.

“నేను పుట్టకముందే నన్ను చూసినాది మా అవ్వ” అన్నది ముసలామె. ఎనభై ఆరేళ్ళ ముఖం దీపంలా వెలిగింది. “ఇంగెవురికీ ఉందా అయ్యోరా, అట్టాంటి పేరు?”

లేదమ్మా అన్నాను.

అప్పుడు సంచి విప్పింది. లోపల ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, అందులో మద్రాసులో అచ్చయిన పాత తెలుగు బైబిలు. అట్ట ఊడిపోయి తోలుపట్టీతో కట్టి ఉంది. ఇదివరలో ఇండియా నుంచి వచ్చినవారికి చూపించిందట. వారు అచ్చులో ఉన్న కీర్తన ఒకటి చదివి, ప్రార్థన చేసి వెళ్ళారట. చేతిరాత ఎవరూ చదవలేదు. ఆమె నాన్న ఇక్కడే పుట్టినవాడు. తెలుగు మాట్లాడేవాడే గాని చదువు రాదు.

మనవడు ఒక ఫైలు తెచ్చి పక్కన పెట్టాడు. కూలీల ఓడల జాబితా నుంచి తీయించిన నకలు. ఆ జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు. 1906లో వచ్చిన కుటుంబం: భర్త, భార్య, మూడేళ్ళ మగపిల్లవాడు. జిల్లా నెల్లూరు, తాలూకా కావలి. కులం గడిలో క్రిస్టియన్ అని ఉంది. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా రాతలో వంకర తిరిగిపోయినా, ఆ ప్రాంతంలో బస్సులు మారి బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నేను పోల్చుకున్నాను.

బైబిలు మొదటి పేజీలో సిరాతో, “1910 క్రిస్మసు బహుమానము” అని ఉంది. దాని కింద వంకరటింకర అక్షరాలతో ఇంటి లెక్క. పెద్ద వయసులో రాత నేర్చినవారి అక్షరాలని చూడగానే తెలుస్తుంది; ముప్ఫైనాలుగేళ్ళు అలాంటి రాతలు దిద్దినవాణ్ణి. పెద్దపిల్లవాడు జ్వరంతో పోయింది 1908. చిన్నవాడు పుట్టింది 1909. ముసలామె, “అది మా నాయన” అన్నది. పెనిమిటి పోయింది 1914. ఒక్కొక్కటీ చదివి అర్థం చెబుతుంటే మనవడు ఇంగ్లీషులో రాసుకుంటున్నాడు.

చివరి అట్ట లోపల మరొక పట్టిక ఉంది. “ప్రార్థనలో తలచవలసినవారు” అని పైన రాసి ఉంది. అమ్మ, పెనిమిటి, పెద్దోడు, చిన్నోడు. పోయినవారి ఎదుట చిన్న సిలువ గుర్తు. అన్నిటికంటే కింద ఇలా ఉంది:

“అమ్మణ్ణి. ఊళ్ళో. అమ్మ దగ్గర.”

దాని ఎదుట సిలువ లేదు. నిలువు గీతలున్నాయి. లెక్కపెట్టాను. ముప్ఫై రెండు. మొదటి అయిదు గీతలూ ఒకే సిరా, ఒకేసారి గీసినవి. తరువాతవి ఒక్కొక్కటీ ఒక్కొక్క రంగు. కొన్ని సిరా, కొన్ని పెన్సిలు. చివరివి వణికి ఉన్నాయి. ఓడ దిగింది 1906. పుస్తకం చేతికి వచ్చింది 1910 క్రిస్మసుకు. అప్పటికి అయిదు క్రిస్మసులు. 1938లో పోయిందంటే చివరి క్రిస్మసు 1937. మొత్తం ముప్ఫై రెండు.

నా గొంతు పట్టుకుపోయింది. ఓడ జాబితాలో లేని పిల్ల ఒకతె ఉంది. అయిదేళ్ళ ఒప్పందమేగా, తిరిగి వచ్చేస్తాం అనుకుని తల్లి దగ్గర వదిలి వచ్చి ఉంటారు. ఆ అయిదేళ్ళూ 1911లో అయిపోయాయి. మళ్ళీ ఒప్పందం రాయకుండా, ఇండియాకు తిరిగిపోకుండా అక్కడే ఉండిపోయినవారు 1895 నాటి చట్టం ప్రకారం మనిషికి ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. అయిదో ఏటి జీతం పద్నాలుగు షిల్లింగుల లెక్కన నాలుగు నెలల కష్టానికి పైన. 1913లో గాంధీగారు నడిపిన సమ్మె ఆ పన్ను మీదే. 1914లో దాన్ని ఎత్తివేశారు. ఈవిడ పెనిమిటి ఆ ఏడే పోయాడు.  ఎందుకు పోలేకపోయిందో పుస్తకం చెప్పలేదు. గీతలు మాత్రం గీసుకుంటూ వచ్చింది.

ఇప్పుడు నేనేం చేయాలి? పోయేముందు ఆ తల్లి పిలిచింది పుట్టబోయే మనవరాలిని కాకపోవచ్చు. ఆ సంగతి చెబితే, ఎనభై ఆరేళ్ళుగా ఈ ముసలామె గుండెల్లో దాచుకున్నదాన్ని నేనే లాగేసుకున్నట్టు. అది చదవకుండా పేజీ తిప్పేస్తే అడిగేవారు లేరు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగు గంటలకు బయలుదేరితే మళ్ళీ ఈ జన్మలో ఈ గడప తొక్కేది లేదు.

ఆమె నా ముఖమే చూస్తున్నది. “ఏందయ్యోరా? ఏముంది ఆడ?”

పంతులుద్యోగంలో నేను ఒక్క నియమం తప్పలేదు: రాసినది రాసినట్టు చదవడం. చదివాను. గీతల లెక్క చెప్పాను. “ఇది నాకు తోచిన అర్థం. పుస్తకంలో ఉన్నది ఇంతే” అన్నాను. మనవడు రాయడం ఆపేశాడు.

ముసలామె చాలాసేపు ఏమీ అనలేదు. వేలు ఆ గీతల మీద పెట్టి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. చివర్న అడిగింది:

“ఆ పిల్లకు ఎన్నేళ్ళో రాసినాదా?”

“లేదమ్మా.”

“పాలు మానుంటాదా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

కొంచెం సేపయ్యాక కళ్ళు తుడుచుకుని, “అయితే ఈ పేరు నాది గాదు. ఆ పిల్లది” అన్నది. మళ్ళీ తనే తల ఊపింది. “పోనీలే. నా దగ్గర బాగానే ఉండింది గదా. చెడగొట్టలేదు.”

సంచిలో పుస్తకం పెట్టి ముడి వేస్తూ నన్ను ఒక్క కోరిక కోరింది. “ఆ ఊరు మీకు తెలుసునంటిరే. ఆడికి పొండి. ఆ పిల్ల ఉండదులే. బిడ్డలుంటారేమో. వాళ్ళమ్మ మరవలేదని చెప్పండి. గట్టిగా చెప్పండి.”

సరేనన్నాను. ఈసారి మాట తప్పేందుకు వీలులేదు.

తిరిగి వచ్చేటప్పుడు మనవడు బండిని గ్రౌట్‌విల్ మీదుగా తీసుకువచ్చాడు. అక్కడి చర్చి ఆవరణలో ఆల్బర్ట్ లుథూలీగారి సమాధి ఉంది. ఆ ఊరి జులూ నాయకుడు, చర్చిలో ప్రసంగాలు చేసిన భక్తుడు. వర్ణవివక్షకు ఎదురు నిలిచి 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి పొందిన పెద్దమనిషి. 1938 డిసెంబరులో మద్రాసు పక్కన తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగితే ఈ ఊరి నుంచి ఆయన వెళ్ళారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. కాని ఆ సంవత్సరం గుర్తుకు రాగానే ఆగిపోయాను. ముప్ఫై రెండు గీతలు గీసుకుని ఆ తల్లి కన్నుమూసిన ఏడే, కొద్ది మైళ్ళ దూరం నుంచి ఒక మనిషి మద్రాసు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు!

అయిదూ ఇరవైకి విమానాశ్రయంలో దిగాను. మావాళ్ళందరూ ఎండకు కమిలి, ఇసుక కాళ్ళతో, సంచులతో సంతోషంగా ఉన్నారు. నర్సమ్మ పూసల దండ చూపించింది. పాస్టరుగారు గడియారం చూసుకుని, “పది నిమిషాల ముందే వచ్చారే!” అని భుజం తట్టారు. ఆయన ఒళ్ళో సంఘానికి పంపవలసిన నివేదిక ఉంది. ఎన్ని కూటాలు, ఎన్ని ఇళ్ళు, ఎందరు పిల్లలు, అన్నీ నింపారు. “ఆఖరి రోజు మీ పని ఏమని రాయమంటారు మాస్టారూ?” అని అడిగారు.

“ఒక ఇంట్లో ఒక పేజీ చదివాను. అంతే రాయండి” అన్నాను. తరువాత విమానంలో ఆయన పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “పది రోజుల్లో మొదటి రోజే వెళ్ళి ఉండవలసింది” అన్నారు. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నారో, మా అందరినీ కలిపి అన్నారో అడగలేదు.

దుబాయి మీదుగా చెన్నైలో దిగాం. ఆ తల్లి ఓడ ఎక్కిన రేవు ఉన్న ఊరే అది.

వచ్చిన మూడో వారంలో ఆ ఊరికి వెళ్ళాను. పెద్దవాళ్ళను అడిగాను. నేటాల్ పేరు విన్నవారు ఎవరూ కనిపించలేదు. నూటపందొమ్మిదేళ్ళ నాటి మాట, దానికి వారిని ఏమనగలం? ఆదివారం ఆరాధన అయిపోయాక, పెద్దల అనుమతితో లేచి నిలబడి, ఈ ఊరి అమ్మణ్ణిని ఆమె తల్లి ముప్ఫై రెండు క్రిస్మసులు తలుచుకున్నదని చెప్పాను. వెనక వరసలో ఇద్దరు ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ రాత్రి మనవడికి ఫోన్ చేసి ఆమెతో మాట్లాడాను. ఎవరైనా దొరికారా అని కూడా అడగలేదు. అడిగింది ఒకటే.

“గట్టిగా చెప్పినారా అయ్యోరా?”

గట్టిగానే చెప్పానమ్మా అన్నాను. ఇప్పుడు ఈ పేజీలో కూడా చెబుతున్నాను. ఊరి పేరు అచ్చులో వేయవద్దని ఆ ఇంటివారు కోరారు గనుక వేయడం లేదు. కాని కావలి ప్రాంతపు పాఠకుల ఇళ్ళలో ఎవరైనా పెద్దలు, తమ జేజి తల్లి చిన్నతనంలోనే ఓడెక్కి పోయి తిరిగి రాలేదని ఎప్పుడైనా చెప్పి ఉంటే, దయచేసి ఈ పత్రిక ద్వారా నాకొక కార్డు ముక్క రాయండి.